పాటు వేళకు పడవ ఆగాలి

కోరంగి మడ అడవిలో పడవ నడపాలంటే ఇంజన్ కంటే ముందు తిథి తెలియాలి. ఈవేళ అమావాస్యకు ఎన్నో రోజు, పోటు ఎప్పుడు తిరుగుతుంది, ఏ పాయలో ఎంతసేపు నీళ్లు నిలుస్తాయి, ఇవి లెక్క కట్టుకోకపోతే ఎంత మంచి బోటైనా బురదలో కూర్చుంటుంది. మా తీరాన రోజుకు నీళ్లు ఎక్కే పోట్లు రెండు, దిగే పాట్లు రెండు. నిన్నటి వేళకంటే ఈరోజు ముప్పావుగంట పైచిలుకు ఆలస్యంగా వస్తాయి. అమావాస్యకూ పున్నానికీ నీళ్లు బాగా ఎక్కి, బాగా దిగుతాయి. అష్టమి నవముల్లో ఎక్కడమూ తక్కువే, దిగడమూ తక్కువే. టికెట్ల కిటికీ గడియారాన్ని బట్టి తెరుస్తారు, ఏరు చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది. నా పనిలో సగం ఈ రెంటికీ మధ్య నిలబడి, వచ్చినవాళ్లకు నచ్చజెప్పడం.

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద చొల్లంగి దాటితే ఎడమ చేతి వైపు కనిపించే పచ్చదనం అంతా మడే. గోదావరి గౌతమి పాయ సముద్రంలో కలిసే చోట కోరంగి ఏరు, గాడేరు, వాటి నుంచి చీలిన పేర్లున్నవీ లేనివీ ఎన్నో పాయలు ఈ అడవిలోకి ఉప్పునీళ్లు తెస్తాయి, మళ్లీ తీసుకుపోతాయి. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. తూర్పున హోప్ ఐలాండ్. గోదావరి మోసుకొచ్చిన ఇసుక రెండు వందల ఏళ్లుగా ఉత్తరానికి సాగుతూ కట్టిన దిబ్బ అది. కాకినాడ రేవును అలల నుంచి కాస్తున్నది ఆ దిబ్బే.

మాది వేట మీద బతికిన ఇల్లు. మా నాన్న విసురు వలతో ఏట్లో చేపలు పట్టేవాడు, మా పెదనాన్నలు సముద్రం మీదికి పోయేవాళ్లు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చినప్పుడు నేను వయసు కుర్రాణ్ణి. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకు వెళ్లినవాళ్లు ఎంతోమంది తిరిగి రాలేదు. వారాల తరబడి ప్రతి పేటలో ఏడుపే. అంతకుముందు మడ అంటే మాకు వంటచెరకు, గేదెల మేత. ఆ తర్వాత పెద్దవాళ్ల మాటలో తేడా వచ్చింది. ఎక్కడ మడ దట్టంగా ఉందో అక్కడ గట్టు నిలిచిందనీ, నరికేసిన చోట నీళ్లు సూటిగా ఊళ్లోకి వచ్చాయనీ చెప్పుకున్నారు. 1789లో, 1839లో ఈ కోరంగి రేవును ముంచేసిన ఉప్పెనల సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత, ఒక చరిత్ర మాస్టారు మా పడవ ఎక్కినప్పుడు తెలిసింది. ఓడలు కట్టిన రేవు ఇది, రంగూన్‌కు మనుషుల్ని పంపిన రేవు. ఇవాళ వచ్చేవాళ్లకు ఆ సంగతి చెప్తే చుట్టూ చూసి నమ్మలేకపోతారు.

ఆ రోజుల్లోనే స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లూ అటవీశాఖ వాళ్లూ కలిసి చచ్చిపోయిన మడను మళ్లీ పెంచే పని మొదలుపెట్టారు. నేను కూలికి వెళ్లాను. మధ్యలో ఒక పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలవలు తవ్వాలి. పైనుంచి చూస్తే చేప వెన్నుముల్లు ఆకారం. ఉప్పు పేరుకుని తెల్లబారిపోయిన నేలలోకి ఆ కాలవల గుండా పోటునీళ్లు వెళ్లి, పాటుకు ఉప్పును కడుక్కుని తిరిగొస్తాయి. నీటి దారి సరిగ్గా కుదిరిన చోట మొక్క బతికింది. కాలవ పూడిపోయిన చోట ఎన్ని నాటినా ఎండిపోయింది. ఈ అడవి నీటి రాకపోకల మీదే నిలబడి ఉందని నేను పార పట్టి తెలుసుకున్నాను. ఇప్పుడు పడవ నడుపుతున్నా నాకు ఆధారం ఆ చదువే.

తర్వాత తర్వాత జనం అడవి చూడటానికి రావడం మొదలైంది. చెక్క వంతెన వేశారు, పడవలు వచ్చాయి. ఊరివాళ్లతో కమిటీలు ఉన్నాయి కాబట్టి మాలాంటివాళ్లకు పని దొరికింది. వంతెన మీద నడిచి పడవ దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది ఒకటే అడుగుతారు: "ఏముందండీ ఇక్కడ చూడ్డానికి? బురదేగా?"

నేను నల్లమడ ఆకు ఒకటి కోసి నాలిక మీద పెట్టుకోమంటాను. ఉప్పగా ఉంటుంది. చెట్టు తాగిన ఉప్పును ఆకు మీదుగా బయటికి తోసేస్తుంది. అప్పుడు కింద బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్లు చూపిస్తాను. ఈ బురదలో గాలి ఉండదు కాబట్టి చెట్టు వేళ్లను పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. వాటిమీద అడుగేసి విరగ్గొడితే ఆ మేరకు చెట్టుకు ఊపిరి ఆడదు. ఉప్పుపొన్న కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది, ములక్కాడలా పొడుగ్గా వేలాడి, పండాక జారి నీళ్లలో పడుతుంది. తిల్ల కొమ్మను మాత్రం ముట్టుకోనివ్వను. దాని పాలు కంట్లో పడితే చూపుకు ప్రమాదం. ఇదంతా చెప్పేసరికి వాళ్లలో ఒకరిద్దరు ఫోన్లు జేబులో పెట్టి పడవ అంచున వంగి బురదను చూడటం మొదలుపెడతారు. ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉన్న ఎర్ర పీతలు, నేల మీద గెంతే చేపలు, లకుముకి పిట్టలు, అదృష్టం బాగుంటే నీటికుక్కల గుంపు కనిపిస్తాయి. బావురుపిల్లిని చూపించమని అడుగుతారు. అది రాత్రిపూట వేటాడే జీవి, పగలు దాని పాదాల గుర్తులు చూపించగలను. దాన్ని రప్పించడానికి చేపలు వేద్దామని ఒకాయన డబ్బు ఇవ్వబోయాడు. తీసుకోలేదు. అడవి జంతువు తన తిండి తాను వెతుక్కునే చోట మనం చూడటానికి వచ్చాం. అలవాటు చేస్తే అది ఊళ్లోకి వస్తుంది, కుక్కల పాలో రోడ్డు మీద లారీ పాలో అవుతుంది.

పిల్లలు ఉన్న పడవల్లో తరచూ ఒక అరుపు వినిపిస్తుంది: "స్పీడు పెంచండి బాబాయ్!" పెద్ద ఏట్లో కొంచెం పెంచుతాను. సన్నపాయలోకి తిరిగాక ఇంజన్ ఆపి గెడ అందుకుంటాను. ఎందుకంటే వేగంగా పోయే పడవ వెనక లేచిన అల రెండు గట్లనూ కొడుతుంది. ఒక పడవ కొడితే ఏమీ కాదు. ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా వరసగా కొడితే గట్టు కింద బురద కరిగి వేళ్లు బయటపడతాయి. ఇంకో ఏడాదికి చెట్టు ఏట్లోకి ఒరుగుతుంది. ఒరిగిన చెట్టు పక్కన ఖాళీ, ఆ ఖాళీలోంచి గట్టు మరింత జారడం. నేను చిన్నప్పుడు రెండు పడవలు ఒరుసుకుంటూ పోయిన పాయలో ఇవాళ మూడు పడతాయి. చూసేవాళ్లకు దారి బాగుందనిపిస్తుంది. నాకు అడవి తగ్గిందని కనిపిస్తుంది.

దీనికన్నా పెద్ద చిక్కు కార్తీకమాసం. మడ కాయలు వానాకాలం చివర రాలతాయి. వాన నీళ్లతో, గోదావరి వరద నీళ్లతో ఏట్లో ఉప్పు తగ్గి ఉండే కాలం అది, మొలకకు అనుకూలం. పోటుకు తేలివచ్చిన మొలక బురద మీద ఆగి, వేరు దిగడానికి కొన్నాళ్లు కదలిక లేని నీళ్లు కావాలి. ఒకసారి వేరు పట్టిందా, తర్వాత అల కొట్టినా నిలుస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే వనభోజనాల జనం వస్తారు. చలికాలం పక్షుల కోసం వచ్చేవాళ్లు, సంక్రాంతికి ఊరొచ్చినవాళ్లు ఆ వెనకే. మాకు ఏడాది ఆదాయం వచ్చేది ఆ నెలల్లోనే, అడవి పిల్లల్ని కనేదీ అప్పుడే. ఈ సంగతి మా కమిటీలో ఎన్నిసార్లు ఎత్తినా మొదట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వాళ్లను తప్పుపట్టలేను. అప్పు చేసి పడవకు ఇంజన్ పెట్టించుకున్నవాడికి కార్తీక ఆదివారాలు వదులుకోమని చెప్పడం తేలిక కాదు.

అయినా ఈ తీరానికి జనం రావడం కొత్తేమీ కాదు. పుష్య మాసంలో చొల్లంగి అమావాస్యకు తుల్యభాగ సంగమంలో స్నానం చేసి, కోరంగి మీదుగా ఒక్కో పాయ సముద్రంలో కలిసే చోటా మునుగుతూ అంతర్వేది దాకా వెళ్లే సప్తసాగర యాత్ర మా ముత్తాతల కంటే పాతది. ఆ యాత్రికులకు ఏ రోజు రావాలో తిథి చెప్పింది, ఎక్కడ దిగాలో నది చెప్పింది. వచ్చారు, స్నానం చేశారు, ఊళ్లో తిన్నారు, వెళ్లారు. మిగతా రోజులు ఏరు ఏరుగానే ఉంది. ఈ తీరంలో ఏ కొత్త ఏర్పాటు చేసినా ఆ పాత యాత్రలోని ఒద్దిక చూసి చేయాలని నా కోరిక.

ఒడిశాలో చిలికా ఒడ్డున మంగళజోడి అనే ఊరుంది. అక్కడి పడవవాళ్లను కలవాలని వెళ్లాను. ఒకప్పుడు చలికాలంలో వలస వచ్చే పక్షుల్ని వేటాడి అమ్ముకున్న ఊరది. 2000 సంవత్సరం ప్రాంతంలో ఆ వేటగాళ్లే పక్షుల్ని కాపాడతామని సంఘం కట్టారు, ఇవాళ వాళ్లే దారిచూపేవాళ్లు. 2018లో వాళ్ల ట్రస్టుకు ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ బహుమతి ఇచ్చింది. నాకు బహుమతి కంటే వాళ్ల పడవలు నచ్చాయి. నన్ను తీసుకెళ్లిన పడవకు ఇంజన్ లేదు, గెడ ఒక్కటే. చప్పుడు లేకపోవడంతో పక్షులు చేతికందేంత దూరంలో మేస్తున్నాయి. ఒక్కో పడవలో ఎక్కేది కొద్దిమందే. అందువల్ల ఎక్కువ పడవలవాళ్లకు వంతు వస్తోంది, ఊళ్లో ఎక్కువ ఇళ్లకు డబ్బు చేరుతోంది. అంతకుముందు చిన్న పడవ అంటే చిన్న ఆదాయం అనుకునేవాణ్ణి. ఒకే పెద్ద బోటు యజమానికి వెళ్లే డబ్బు గెడ పడవలైతే పది ఇళ్లకు అందుతుందని అక్కడే చూశాను. అదే ఒడిశాలో భితరకనికలో మొసళ్లు గుడ్లు పెట్టే కాలమని మే 1 నుంచి జులై 31 దాకా సందర్శకుల్ని రానివ్వరు. మూడు నెలలు మూసినా అక్కడికి వచ్చేవాళ్లు మానేయలేదు.

మా పిన్ని మండపీతలు పట్టి పిల్లల్ని పెంచింది. పాటు వేళకు మోకాలి లోతు బురదలో దిగి, బొరియ కనిపెట్టి, ఇనుప కొక్కేన్ని లోపలికి పోనిచ్చి, పీత దాన్ని పట్టుకున్నది చేతికి తెలిసిన క్షణంలో బయటికి లాగుతుంది. డెక్కలు కట్టేసి అమ్మితే అది చెన్నై మీదుగా విదేశాలకు పోతుంది. ఒకనాడు ఆమె నన్ను ఏటి ఒడ్డునే నిలదీసింది. "ఒరేయ్ అబ్బాయ్, మీ బోట్లు పోయేకా నీళ్లు కలకబారిపోతన్నాయిరా. బొరియ కనపట్టంలేదు. రేపు ఇటేపు మమ్మల్ని రానిస్తారా రానివ్వరా?"

ఆ రెండో మాటే నన్ను పట్టుకుంది. సందర్శకుడు టికెట్ కొని వచ్చాడు కాబట్టి అతనికి దారి ఉంది. తరతరాలుగా ఆ బురదలో నడిచినామెకు దారి ఉంటుందో లేదో అనుమానం వచ్చింది. అప్పటినుంచి తీరంలో ఏ పథకం గురించి విన్నా నా కొలత ఒక్కటే: దీనివల్ల మా పిన్ని పీతల దారి మూసుకుపోతుందా? మూసుకుపోతే అది ఎంత అందమైన పథకమైనా నాకు వద్దు. ఆమెకు దారి ఉందంటే నీళ్లు తేటగా ఉన్నాయని, గట్టు నిలిచిందని, పీత పిల్లలు పెరుగుతున్నాయని అర్థం. చేపలకూ రొయ్యలకూ ఈ మడే పురిటిల్లు. సముద్రం మీద వేటాడేవాడి వలలో పడే రొయ్య కూడా చిన్నప్పుడు ఇక్కడ మేసి వెళ్లిందే.

ఒకసారి ఒక పెట్టుబడిదారు మనుషులు వచ్చి స్పీడ్ బోట్లు, జెట్ స్కీలు, ఏట్లో తేలే గదులు పెడదామని బొమ్మలు చూపించారు. ఊరికి ఉద్యోగాలొస్తాయన్నారు. మా పెద్దాయన ఒకరు నెమ్మదిగా అడిగారు: "పాటు వేళకి మీ బోట్లు ఎక్కడుంటాయండీ?" అడుగు తవ్విస్తామన్నారు. తవ్విన పాయలో పోటు ముందుకంటే ఎక్కువ వేగంతో దూసుకొస్తుంది, అడవి లోపలికి ఉప్పు మరింత పోతుంది, గట్లు జారతాయి, తవ్విన గొయ్యి మళ్లీ పూడుతుంది, మళ్లీ తవ్వాలి. నాకు తెలిసినంత మేర వివరించాను. వాళ్లు వినలేదని చెప్పలేను, విన్నారు. మళ్లీ రాలేదు. అయితే ఇలాంటివాళ్లు ఇంకెవరో వస్తారు. అందుకే కుర్రాళ్లకు చట్టం కూడా చెప్తుంటాను. 2019 జనవరిలో వచ్చిన తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ మడ అడవుల్ని అత్యంత సున్నితమైన మొదటి వర్గంలో ఉంచింది. అక్కడ నడక వంతెనలు, చెట్ల మీద గుడిసెలు, అడవి దారులు లాంటి పర్యావరణ పర్యాటకానికి మాత్రం, అదీ ఆమోదం పొందిన తీర నిర్వహణ ప్రణాళికలో చూపించిన చోటే వీలు ఇచ్చింది. ఆ ప్రణాళిక పటం మా ఊరి గోడ మీద తెలుగులో ఉండాలని అడుగుతున్నాను. ఎక్కడ ఏది కట్టకూడదో మత్స్యకారుడికి ముందే తెలిస్తే, కట్టాక కోర్టుల చుట్టూ తిరిగే పని ఉండదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. కాకినాడ నుంచి బిర్యానీ పొట్లాలు కట్టించుకుని వచ్చినవాళ్లు వెళ్లాక ఊరికి మిగిలేది ఆ పొట్లాల కాగితాలే. మా ఆడవాళ్ల సంఘం ముందురోజు చెప్పిన లెక్క ప్రకారం అన్నం, చేపల పులుసు, రొయ్యల వేపుడు వండిపెడుతోంది. ఆకుల్లో వడ్డిస్తారు. గుడ్లున్న పీతనూ చిన్న పీతనూ వండకూడదని వాళ్లే కట్టుబాటు పెట్టుకున్నారు. గుడ్డు పీత సముద్రంలోకి పోయి పిల్లల్ని వదిలితేనే వచ్చే ఏడాది కొక్కేనికి పీత తగులుతుంది. నా పడవ ఎక్కేటప్పుడు సంచీల్లోని సీసాలు లెక్కపెడతాను, దిగేటప్పుడు మళ్లీ లెక్కపెడతాను. కొందరికి కోపం వస్తుంది. వస్తే రానీ. వేలాడే వేళ్లకు చుట్టుకున్న ప్లాస్టిక్ సంచీని పాటు వేళకు బురదలో దిగి విప్పేది మేమే.

హోప్ ఐలాండ్ మీద జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎక్కుతాయి. రాత్రిపూట తీసుకెళ్లమని మంచి డబ్బు ఇస్తామంటారు. వెళ్లను. ఇసుకలోంచి బయటికి వచ్చిన పిల్ల తాబేలు సముద్రం మీది వెలుగు చూసి అటు నడుస్తుంది. ఒడ్డున దీపం వెలిగితే దీపం వైపు నడుస్తుంది, తెల్లారేసరికి కాకులకూ కుక్కలకూ దొరికిపోతుంది. పోనీ ఒక్క టార్చే కదా అంటారు. ఆ ఒక్క టార్చి వెంట పదిమంది ఫోన్లు వెలుగుతాయి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ 61 రోజులూ సముద్రం బోట్ల కుర్రాళ్లు మా జెట్టీకి వచ్చి పని అడుగుతారు. ఎండాకాలం కాబట్టి సందర్శకులు తక్కువ, అందరికీ పడవ పని ఇవ్వలేం. వాళ్లతో పూడిపోయిన చేపముల్లు కాలవలు తవ్వించి కూలి ఇద్దామన్నది నా ప్రతిపాదన. టికెట్ డబ్బులో కొంత దానికి పక్కన పెట్టాలి. ఈ అడవి వల్ల వచ్చిన డబ్బు ఈ అడవి నీటిదారికే వెళ్తుంది, వేట లేని రోజుల్లో ఆ ఇళ్లకు అన్నమూ పెడుతుంది. నేను కూలికి తవ్విన కాలవలు ఇప్పుడు వాళ్ల పారలతో మళ్లీ తెరుచుకోవాలి. దీనికి కమిటీలో ఇంకా ఒప్పందం కుదరలేదు. లెక్కలు రాసి తెమ్మన్నారు, మా అమ్మాయి రాస్తోంది. ఆ పిల్ల డిగ్రీ చదువుతోంది, సెలవుల్లో వంతెన మీద బడిపిల్లలకు చెట్లు చూపిస్తుంది. నాకు పేర్లు మాత్రమే తెలిసిన చెట్లకు తను కారణాలు చెప్తుంది. ఇలాంటి ఆడపిల్లలు మా పేటల్లో ఇంకా ఉన్నారు. వాళ్లకు జీతమిచ్చి ఈ పని ఇవ్వాలని కూడా ఆ కాగితంలో రాయమన్నాను.

ఒక విషయంలో మాత్రం కమిటీ ఒప్పుకుంది. ఈ ఏడు కాయలు రాలడం మొదలైనప్పటి నుంచి సంక్రాంతి దాకా సన్నపాయలన్నిటిలోకీ ఇంజన్ పడవ పోకూడదు. పాయ మొదట్లో వెదురు పాతి ఎర్రగుడ్డ కడతాం. పీతలవాళ్లూ విసురు వలవాళ్లూ ఎప్పటిలాగే వెళ్తారు, వాళ్లకు అడ్డు లేదు. లోపల చూడాలనుకున్న సందర్శకులకు గెడ పడవ ఉంటుంది, ఒక్కోదాంట్లో నలుగురికి మించి ఎక్కనివ్వం. మొలకల లెక్క కుర్రాళ్లు రాస్తారు. వచ్చే ఏడాది ఆ లెక్క చూసి మిగతా పాయల మాట తేల్చుకుంటాం. గెడ పడవల కోసం తాళ్లరేవులో పడవలు కట్టే మేస్త్రీకి బయానా ఇచ్చి వచ్చాను. అడుగు చదునుగా, తక్కువ నీళ్లలో తేలేలా కట్టమన్నాను. కాయలు రాలే వేళకు మొదటిది ఇస్తానన్నాడు.